బరువెక్కిన సైకిలుకు మూడో కాలు: ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి దాటాక

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం చూసుకుని, తర్వాత తీరానికి దగ్గరగా ఉండే ఊళ్ల మీదుగా బారువ, సోంపేట, కవిటి, చివరికి ఇచ్ఛాపురం. నింపాదిగా, ఎక్కడ నచ్చితే అక్కడ ఆగుతూ సైకిలు మీద వెళ్లాలని ఎప్పటినుంచో ఉంది. ప్రయాణానికి ఇంకా టైముంది. ముందు తేల్చుకోవాల్సింది మాత్రం ఒకటుంది: సామాను ఎక్కించిన సైకిలును ఆగిన చోట ఎలా నిలబెట్టాలి?

మా వీధి చివర బియ్యం కొట్టులో కాటా ఉంది. సైకిలు ఒక్కదాన్నీ ఎక్కిస్తే 15 కిలోలు. గుడారం, పక్క, చిన్న స్టవ్, రెండు పెద్ద నీళ్ల సీసాలు, బట్టలు, రిపేరు సామాను అన్నీ వెనక క్యారియర్‌కి అటూఇటూ తగిలించే ప్యానియర్లలో, హ్యాండిల్ సంచిలో సర్దాక 35 కిలోలు. అంటే సైకిలు కంటే సామానే ఎక్కువ, ఆ సామానులో ఎక్కువ భాగం వెనకే.

ఖాళీ సైకిలును ఏ గోడకో చెట్టుకో ఆనిస్తే సరిపోతుంది. బరువు సైకిలు అలా కాదు. ఆనించిన చోట ముందు చక్రం కొంచెం తిరిగినా, టైరు అర జానెడు జారినా మొత్తం పడిపోతుంది. కుడివైపు పడితే వెనక గేర్లు మార్చే డిరెయిలర్ నేలకు కొట్టుకుంటుంది. దాన్ని ఫ్రేముకు కలిపే హ్యాంగర్ వంగితే గేర్లు సరిగా పడవు. పడిపోయిన సైకిలును 35 కిలోల బరువుతో లేపడం నడుముకు మంచిది కాదు. పైగా తీరంలో సరుగుడు తోట దాటి ఇసుకలోకి వెళ్లాక ఆనించడానికి ఏమీ ఉండదు. హైవే పక్కన కిలోమీటర్ల కొద్దీ ఒక్క చెట్టు కూడా కనిపించని చోట్లు ఉన్నాయి.

ఏమేం ఉన్నాయో చూడటం

ముందు మన పాత సైకిళ్లకు వచ్చే వెనక స్టాండు. వెనక చక్రం ఇరుసుకే బిగుస్తుంది, కాలితో తొక్కిపట్టి సైకిలును వెనక్కి లాగితే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. పాలవాళ్లు, గ్యాస్ బండలు మోసేవాళ్లు దాన్ని ఎంత నమ్ముతారో రోజూ చూస్తున్నాం. నిజంగా గట్టి వస్తువు. కానీ నా సైకిలు వెనక చక్రానికి ఉన్నది పానా లేకుండా చిన్న పిడి తిప్పి విప్పే క్విక్ రిలీజ్ ఇరుసు, ఆ స్టాండును పట్టుకునే నట్లు దానికి లేవు. ప్యానియర్లు కూడా స్టాండు తిరిగే దారికి అడ్డం వస్తాయి.

రెండోది ఒంటికాలు సైడు స్టాండు. పెడళ్ల ఇరుసు నుంచి వెనక చక్రానికి వెళ్లే రెండు సన్న గొట్టాలను చైన్‌స్టేలు అంటారు. వాటికి పైనొక పలక, కిందొక పలక పెట్టి ఒకే ఒక్క బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టును వదులుగా ఉంచితే స్టాండు తిరిగిపోతుంది, గట్టిగా బిగిస్తే పల్చటి గొట్టం నొక్కుకుపోతుంది. ఫ్రేములోనే స్టాండు కోసం పలక అతికి వస్తే ఈ బాధ ఉండదు. నా ఫ్రేములో అది లేదు.

సైకిలు షాపు బాబాయికి ఈ సంగతి చెప్పాను. ఆయన సామాను ఎక్కించిన సైకిలును చేత్తో ఒకసారి అటూ ఇటూ ఊపి చూశాడు.

"ఏటి బాబూ, ఇంత బరువెక్కించి ఒంటికాలు మీద నిలబెడతావా? నిలబడుద్ది. నువ్వు పక్కనుంటేనే నిలబడుద్ది."

మూడోది రెండు కాళ్ల స్టాండు. స్విట్జర్లాండ్‌కు చెందిన ప్లెచర్ కంపెనీ చేసేది ప్రపంచమంతా సైకిలు యాత్రికులకు తెలిసినదే. రెండు కాళ్లూ మడిచినప్పుడు ఒకే పక్కకు వెళ్లిపోతాయి, తీసినప్పుడు సైకిలు నిటారుగా నిలుస్తుంది. బరువంతా వెనకే ఉంటే ముందు చక్రం కాస్త పైకి లేస్తుంది కాబట్టి దాన్ని విప్పి పంక్చరు కూడా వేసుకోవచ్చు. ఇది చిన్న సుఖం కాదు. అయితే ఇది కూడా ఆ చైన్‌స్టేల మీదే బిగుస్తుంది, బరువు అర కిలో పైమాటే. అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది ఇసుక. రెండు కాళ్లలో ఒకటి ఎక్కువ దిగితే సైకిలు ఆ పక్కకు పోతుంది, ఆపడానికి ఇంకేమీ ఉండదు.

నాలుగోది ఫ్రేముకు బిగించని కర్ర. గుడారం కర్రల్లాగా లోపల సాగే తాడు ఉండి, ముక్కలు ముక్కలుగా మడుచుకునే సన్నటి అల్యూమినియం గొట్టం. పైన చిన్న దోనె, అది సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే రాడ్డు కింద ఆనుతుంది. కింద రబ్బరు కాలు. అమెరికాలో క్లిక్‌స్టాండ్ పేరుతో ఇలాంటిది వచ్చింది, దాంతోపాటు బ్రేకు పట్టి ఉంచే రబ్బరు పట్టీలు కూడా వచ్చాయి. అప్‌స్టాండ్ అని కార్బన్ ఫైబర్‌తో చేసిన ఇంకొకటి ఉంది కానీ అది సామాను లేని తేలికపాటి సైకిళ్లకు.

మనసు నాలుగోదాని మీదికి పోయింది. ఫ్రేముకు ఏ నొక్కూ పడదు, సంచిలో పెట్టుకోవచ్చు, ఏ నేల మీదైనా కాలు ఎంత దూరంలో పెట్టాలో నేనే నిర్ణయించుకోవచ్చు. తెప్పించుకునే బదులు ఇక్కడ దొరికే సామానుతోనే చేయాలనుకున్నాను. దారిలో విరిగితే కవిటిలోనో సోంపేటలోనో మళ్లీ చేసుకోగలగాలి.

కొబ్బరి బొండాల సైకిలు

ఈ ఆలోచనల్లో ఉండగానే శ్రీకాకుళంలో నాగావళి వంతెన దగ్గర ఒక సైకిలు కనిపించింది. వెనక క్యారియర్‌కి రెండు పక్కలా కొబ్బరి బొండాల గెలలు వేలాడుతున్నాయి. నా ప్యానియర్ల కంటే చాలా ఎక్కువ బరువు. దాన్ని నిలబెట్టింది ఒక్క పంగల కర్ర. పంగ సీటు కింద ఆనింది, కర్ర మొదలు రోడ్డు అంచున మట్టిలో ఉంది. బొండం తాగుతూ అంతా పరిశీలనగా చూశాను. ముందు చక్రం కింద ఒక రాయి, బ్రేకు పిడిని హ్యాండిల్‌కి కలిపి చుట్టిన పాత ట్యూబు ముక్క.

కర్ర ఏ చెట్టుదని అడిగాను.

"కర్రదేముంది బాబూ, ఏదైనా సాలు. ముందు సక్రం కదలకుండా కట్టుకోవాల. అది కదిల్తే ఏ కర్రా ఆగదు."

నాకు ఈ పనంతటికీ అసలు సూత్రం ఆ మాటల్లోనే దొరికింది. సైకిలు నిలబడేది మూడు చోట్ల: రెండు టైర్లు, ఒక కర్ర. ఆ మూడూ కలిసిన త్రికోణంలో బరువు మధ్యలో పడాలి, ఆ త్రికోణం ఆకారం మారకూడదు. చక్రం దొర్లితే టైర్లు ముందుకు పోతాయి, కర్ర కాలు అక్కడే ఉంటుంది, పంగ రాడ్డు మీంచి జారుతుంది. ఎంత ఖరీదైన కర్ర కొన్నా చక్రాన్ని ఆపకపోతే పని జరగదు. అందుకే నా వరుస కూడా ఇదే: ముందు బ్రేకు, తర్వాత కాలు, ఆ తర్వాతే కర్ర.

ఫిబ్రవరి: కొలతలు

ముందు వెదురు కర్రతో నమూనా. కొలత తేల్చడానికి కాస్త పొడుగుగా కోసుకుని కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చాను. సైకిలు నిటారుగా ఉన్నప్పుడు, సీటుకు కాస్త ముందు, నేల నుంచి రాడ్డు అడుగు దాకా నాకు 75 సెంటీమీటర్లు. సైకిలును ఎడమకు పది డిగ్రీలు ఒరిగించి, కర్ర కాలును టైర్ల గీత నుంచి 35 సెంటీమీటర్ల దూరంలో పెడితే కర్ర 77 సెంటీమీటర్లు ఉండాలి. కాగితం మీద లెక్క వేసినా, వెదురు కోసి చూసినా అదే వచ్చింది. రాడ్డు ఎత్తు కంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ అనుకుంటే ఇలాంటి సైకిలుకు మొదటి నమూనాకి సరిపోతుంది.

ఎడమకే ఎందుకంటే, చైనూ డిరెయిలరూ కుడివైపు ఉన్నాయి. పడితే గిడితే ఎడమకు పడాలి.

తర్వాత బరువు. కర్ర కాలు కింద మనుషుల బరువు చూసే మెషీన్ పెట్టాను. మెషీన్ ఎత్తు వల్ల ఒరుగు మారకుండా రెండు టైర్ల కింద అంతే మందం చెక్కలు పెట్టాను. ముల్లు పది కిలోలకు అటూఇటూగా ఆగింది. 35 కిలోల సైకిలులో కర్ర మీద పడేది పదే! సామానుతో కలిపి బరువు కేంద్రం నేల నుంచి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, పది డిగ్రీల ఒరుగుకు అది పక్కకు జరిగేది పది సెంటీమీటర్లు. 35 కిలోలను పదితో గుణించి, కాలు ఉన్న 35 సెంటీమీటర్ల దూరంతో భాగిస్తే పది కిలోలు. మిగతా పాతిక కిలోలూ టైర్లే మోస్తున్నాయి.

ఈ లెక్క ఒంటికాలు సైడు స్టాండుకు వేస్తే తేడా తెలుస్తుంది. దాని కాలు టైర్ల గీత నుంచి ఇరవై సెంటీమీటర్ల పైచిలుకు దూరం మాత్రమే వెళ్తుంది. అదే ఒరుగుకు 16, 17 కిలోలు దాని మీద పడతాయి. ఆ బరువంతా ఒకే బోల్టు దగ్గర గొట్టాలను మెలిపెట్టే పని చేస్తుంది. షాపు బాబాయి చేత్తో ఊపి చెప్పింది ఇదే.

మరి ఒరుగు తగ్గిస్తే కర్ర మీద బరువు ఇంకా తగ్గుతుంది కదా అనిపిస్తుంది. నిజమే, అయిదు డిగ్రీలకు అయిదు కిలోలే. కానీ అప్పుడు కర్ర లేని పక్కకు తోయడం కూడా అంతే తేలిక. బరువు కేంద్రం ఎత్తులో మూడు కిలోల తోపు చాలు, సైకిలు నిటారుగా లేచి అటు పడిపోతుంది. పది డిగ్రీలకు ఆరు కిలోల తోపు కావాలి. పదిహేను డిగ్రీలు ఒరిగిస్తే ఇంకా గట్టిగా నిలుస్తుంది కానీ కర్ర మీద పదిహేను కిలోలు పడి, మెత్తటి నేలలో కాలు దిగడం మొదలవుతుంది. అటూ ఇటూ చూసుకుంటే పదే బాగుంది.

బ్రేకు పట్టీ

దీనికి ఖర్చు లేదు. పాత సైకిలు ట్యూబును రెండు సెంటీమీటర్ల వెడల్పున అడ్డంగా కోస్తే ఉంగరం లాంటి పట్టీ వస్తుంది. దాన్ని ముందు బ్రేకు పిడికీ హ్యాండిల్ పట్టుకీ కలిపి ఎక్కిస్తే బ్రేకు పట్టుకునే ఉంటుంది. తీసేశాక ఆ పట్టీ హ్యాండిల్ మీదే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. రెండో పట్టీ వెనక బ్రేకుకు. చదునైన చోట ముందుది చాలు, వాలులో రెండూ వేస్తున్నాను. సన్న పట్టీ కొన్ని రోజుల ఎండకు పగులుతుంది, అందుకని అదనంగా కొన్ని కోసి రిపేరు సంచిలో వేశాను.

బ్రేకు చక్రాన్ని దొర్లనివ్వదు గానీ పక్కకు తిరగడాన్ని ఆపలేదు. హ్యాండిల్ సంచి బరువుకు ముందు చక్రం ఒక్కసారి పక్కకు తిరిగితే సైకిలు కుదుపు తింటుంది. అందుకని రాత్రి పూట లేదా ఎక్కువసేపు వదిలి వెళ్లేటప్పుడు ముందు చక్రం రిమ్మునూ, దాని వెనక ఏటవాలుగా దిగే గొట్టాన్నీ కలిపి వెల్‌క్రో పట్టీతో కడుతున్నాను. ఆ ఒక్క కట్టుతో దొర్లడమూ తిరగడమూ రెండూ ఆగుతాయి.

కళింగపట్నం ఇసుకలో

వెదురు కర్రతోనే కళింగపట్నం తీసుకెళ్లాను. వంశధార సముద్రంలో కలిసే చోటు, ఇసుక మెత్తగా ఉంటుంది, గాలి బాగా ఉంటుంది. స్టాండుకు ఇంతకంటే మంచి పరీక్ష మన జిల్లాలో లేదనిపిస్తుంది.

వెదురు మొన రెండు సెంటీమీటర్ల మందం. పది కిలోలు దాని మీద పడితే చదరపు సెంటీమీటరుకు మూడు కిలోల పైనే. పొడి ఇసుకలో చూస్తుండగానే దిగిపోయింది, సైకిలు ఇంకా ఒరిగింది, ఒరిగేకొద్దీ బరువు పెరిగింది, ఇంకా దిగింది. చేత్తో పట్టుకున్నాను కాబట్టి పడలేదు. చేతికర్రలకు వేసే రబ్బరు బుష్ తొడిగితే మొన మూడు సెంటీమీటర్లవుతుంది. గట్టి నేలకూ గచ్చుకూ అది బాగా పనిచేస్తుంది. పొడి ఇసుకకు అదీ చాలదు.

పరిష్కారం కాళ్ల దగ్గరే దొరికింది. ఒడ్డున ఎవరో పడేసిన కొబ్బరి చిప్ప. దాన్ని నోరు పైకి ఉండేలా ఇసుకలో నొక్కి, కర్ర మొనను అందులో పెట్టాను. చిప్ప అడుగు గుండ్రం కాబట్టి దిగినకొద్దీ ఇసుకను ఆనే వెడల్పు పెరుగుతుంది. కాస్త దిగి ఆగిపోయింది. మొన పక్కకు జారకుండా చిప్ప అంచు ఆపుతుంది. తొమ్మిది సెంటీమీటర్ల చిప్ప పూర్తిగా ఆనితే చదరపు సెంటీమీటరుకు రెండు వందల గ్రాములు కూడా పడవు. ప్లాస్టిక్ బిళ్లో స్టీలు మూతో చేయించుకుందామనుకున్న ఆలోచన అక్కడే మానేశాను. సోంపేట, కవిటి ఉండే ఉద్దానం ప్రాంతమంతా కొబ్బరి తోటలే, ఈ కాలు పోతే దారి పొడుగునా ఇంకొకటి దొరుకుతుంది.

గాలి విషయం కూడా అక్కడే తేలింది. సైకిలు ఎడమకు ఒరిగి ఉన్నప్పుడు గాలి కుడి నుంచి వస్తే అది సైకిలును కర్ర మీదికే నొక్కుతుంది, ఇంకా గట్టిగా నిలుస్తుంది. ఎడమ నుంచి వస్తే సైకిలును కర్ర మీంచి లేపుతుంది. కాబట్టి ఆపేముందు గాలి ఎటు వీస్తోందో చూసి, సైకిలు ముఖం ఎటు పెట్టాలో నిర్ణయించుకోవాలి. సముద్రం గాలి తూర్పు నుంచి వస్తుంటే కుడి పక్క సముద్రం వైపు ఉండాలి, అంటే ముందు చక్రం ఉత్తరం వైపు. మనం వెళ్లేది ఇచ్ఛాపురం వైపే కాబట్టి ఇది చక్కగా కలిసొచ్చింది.

మార్చి: అల్యూమినియం కర్ర

కొలతలు తేలాయి కాబట్టి ఇక మడత కర్ర. హార్డ్‌వేర్ షాపులో 16 ఎం.ఎం. అల్యూమినియం పైపు, గోడ మందం ఒకటిన్నర ఎం.ఎం. దాని లోపల కదలకుండా దూరే అర అంగుళం పైపు జాయింట్లకు. షాపులోనే ఒకదాంట్లో ఒకటి దూర్చి చూసి తీసుకోవాలి. వదులుగా ఉంటే కర్ర జాయింటు దగ్గర వంగుతుంది, బిగుతుగా ఉంటే ఇసుక పడ్డాక బయటికి రాదు.

పెద్ద పైపును నాలుగు ముక్కలుగా, ఒక్కొక్కటి 18.5 సెంటీమీటర్లు కోశాను. మొత్తం 74. మిగతా మూడు సెంటీమీటర్లు పైన దోనె, కింద బుష్. సన్న పైపును ఎనిమిది సెంటీమీటర్ల ముక్కలు మూడు చేసి, ఒక్కోదాన్ని సగం లోపలికి దూర్చి రెండు ట్యూబుల్లో వచ్చే ఎపాక్సీ జిగురుతో అతికించాను. అతికించే ముందు రెండు పైపులనూ గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే అల్యూమినియానికి జిగురు సరిగా పట్టదు. కోసిన అంచులన్నీ ఆకురాయితో నున్నగా చేయడం కూడా ముఖ్యమే, లోపల సాగే తాడు ఆ అంచులకే తెగుతుంది.

దోనె చేయడంలోనే నాకు ఎక్కువ ఇష్టం కలిగింది. 40 ఎం.ఎం. పీవీసీ పైపు ముక్కను నిలువునా సగానికి కోస్తే అర్ధ చంద్రాకారం వస్తుంది. నా రాడ్డు మందం 28.6 ఎం.ఎం., మధ్యలో ఉన్న ఖాళీలో ట్యూబు రబ్బరును మడతలు వేసి అతికించాను. రాడ్డు దానిలో మెత్తగా కూర్చుంటుంది, పెయింటు గీసుకోదు. పైపు పై చివర టేకు చెక్క బిరడా దిగ్గొట్టి, దోనెను దానికి స్క్రూతో బిగించాను. స్క్రూ తల రబ్బరు కింద దాగి ఉండాలి. సాగే తాడు పై కొస ఆ బిరడాకి ముడి, కింది కొస బుష్ లోపల ముడి.

అంతా కలిపి తూకం వేస్తే 200 గ్రాములకు దగ్గరగా వచ్చింది. కొనే కర్రల కంటే ఇది బరువే. కానీ దీని గోడ మందంగా ఉంది, ఒక ముక్క వంగితే ఏ ఊళ్లోనైనా మార్చుకోవచ్చు. నాకు ఈ బరువు ఇష్టమే.

నేలలు

తారు రోడ్డు, గ్రావెల్ రోడ్డు: బుష్ చాలు. గ్రావెల్‌లో గుండ్రటి రాయి మీద కాలు పెట్టకుండా కాస్త కాలితో చదును చేసుకోవాలి.

నున్నటి బండలు పరిచిన రైల్వే ప్లాట్‌ఫాం, గుడి ఆవరణ: పొడిగా ఉంటే భయం లేదు. తడిగా ఉంటే కాలు బయటికి జారుతుంది. అప్పుడు దూరం 35 నుంచి 30కి తగ్గించి కర్రను ఇంకొంచెం నిలువుగా పెడుతున్నాను.

పొలం గట్టు, చెరువు గట్టు: ఇక్కడే ఎక్కువ ఆలోచించాలి. కర్ర పల్లం వైపు పెడితే సైకిలు ఎక్కువ ఒరిగి బరువు పెరుగుతుంది. మెరక వైపు పెడితే నిటారు అయిపోయి అటు పడే ప్రమాదం. మెరక వైపే పెట్టి, కాలును ఇంకా దూరం జరిపి, మళ్లీ పది డిగ్రీల ఒరుగు తెచ్చుకోవడం నాకు నమ్మకంగా అనిపించింది. గట్టు మరీ ఏటవాలైతే సైకిలును పైకి ముఖం పెట్టి, రెండు బ్రేకులూ కట్టి, అడ్డంగా వాలు లేకుండా చూసుకోవడం మేలు. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు చూడటానికి కింద ఆగినప్పుడు అలాగే నిలబెట్టాను. తిరిగొచ్చేసరికి ఎలా వదిలానో అలాగే ఉంది.

సామాను ఎక్కించే పద్ధతి కూడా చెప్పుకోవాలి. కర్ర పెట్టాక ముందు ఎడమ ప్యానియర్, తర్వాత కుడిది. దించేటప్పుడు ముందు కుడిది, తర్వాత ఎడమది. కర్ర వైపు బరువు ఎప్పుడూ తక్కువ కాకూడదు. కుడి సంచి ఒక్కటే ఉన్న క్షణంలో సైకిలు అటు పడిపోవడానికి సిద్ధంగా ఉంటుంది.

ఏప్రిల్ మొదట్లో: ఎక్కడిదాకా వచ్చింది

మడిచిన కర్ర ఎడమ ప్యానియర్ పక్క జేబులో ఉంటుంది, కొబ్బరి చిప్ప వంట గిన్నెలో పడుతుంది. పంక్చరైతే ఈ కర్ర సాయపడదు, సంచులు దించి సైకిలును తలకిందులు చేయాల్సిందే. ఆ విషయంలో రెండు కాళ్ల స్టాండుది పైచేయి, కనీసం ముందు చక్రానికైనా.

ఇంకా చేయాల్సినవి రెండున్నాయి. మధ్య జాయింటులో ఇసుక చేరి కిరకిరమంటోంది, అక్కడ ట్యూబు రబ్బరుతో చిన్న తొడుగు వేయాలి. వర్షాకాలం రాకముందే తడి మట్టిలో కూడా చూడాలి, బురదలో చిప్ప అతుక్కుని పైకి రాకపోవచ్చు. చిప్ప అంచుకు చిల్లు పెట్టి పురికొస కడితే లాగడం సులువవుతుంది. ఈ వారం చేసే పని అదే.